పై స్వరాల మీద రాసిన సెకన్లు

ఇరవై రెండేళ్ళు పియానో నేర్పి రిటైరయినవాణ్ణి. ఈ మాట చెబితే ఎదుటివాళ్ళు ముందు నా వేళ్ళకేసి చూస్తారు, తర్వాత "కీబోర్డాండీ?" అంటారు. కాదు, పియానోయే. కొండాపూర్‌లో ఒక టిఫిన్ సెంటరు పైన, మూడో అంతస్తులో ఉండేది మా సంగీత పాఠశాల. కింద మిక్సీలో కొబ్బరి చట్నీ తిరుగుతుంటే పైన మేము పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం చెప్పేవాళ్ళం. ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికొచ్చి "మీ అనుభవాలు చెప్పండి సార్" అని అడుగుతుంటారు. మంచి మార్కులు తెచ్చుకున్న శిష్యుల కథలు చెబితే మీకేం ఉపయోగం? ఆ మార్కుల్లో సగం వాళ్ళ అమ్మలవి. అందుకని నేను చేసిన ఒక పొరపాటు చెబుతాను.

మాది గోదావరి వైపు. మా నాన్న పద్యనాటకాలకు హార్మోనియం వాయించేవాడు. నటుడు ఎంతసేపు రాగం సాగదీస్తే అంతసేపు, విసుగన్నది లేకుండా తిత్తి ఊపుతూ కూర్చునేవాడు. ఆ ఓపిక నాకు రాలేదు. చెవి మాత్రం వచ్చిందని అందరూ అనేవారు, నేనూ నమ్మాను. హైదరాబాదు వచ్చి వాయిద్యాల దుకాణంలో పనిచేస్తూ సికింద్రాబాదులో ఒక పెద్దావిడ దగ్గర పియానో నేర్చుకున్నాను. ఐటీ కంపెనీలు వచ్చాక ఈ వైపు ఇళ్ళల్లో పియానో మోజు మొదలైంది. నాకు ఉద్యోగం దొరికింది.

ఇక్కడ పియానో అంటే గ్రేడు. పరీక్షకు మూడు పాఠాలుంటాయి, ఏడాది పొడుగునా ఆ మూడే రుద్దుతాం. లిఫ్టు దగ్గర తల్లిదండ్రులు "మీవాడిది ఏ గ్రేడండీ?" అని ఒకరినొకరు అడగడం విన్నాను గానీ, ఏం వాయిస్తున్నాడని అడగ్గా వినలేదు. అలాంటి చోట నాలాంటి మాస్టారు బాగా చెలామణి అవుతాడు. చేతిలో పెన్సిలు, నోట్లో అంకెలు. పియానో మూత మీద పెన్సిలుతో కొడుతూ "ఒకటీ, రెండూ, మూడూ" అంటుంటే బయట కూర్చున్న తల్లులు కూడా తలలూపేవారు. చెప్పింది ఎక్కని వాడితో "చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుందిరా నా పని" అనేవాణ్ణి. ఆ సామెత మీద నాకు ప్రత్యేకమైన మమకారం ఉండేది.

ఆ రోజుల్లో ఒక శిష్యురాలు సాయంత్రం పూట వచ్చేది. ముప్పై దాటిన అమ్మాయి. ఒక కంపెనీలో ప్రొడక్షన్ సపోర్ట్, అంటే సర్వర్లు సరిగ్గా నడుస్తున్నాయో లేదో తెర మీద కనిపెట్టుకుని ఉండే పని. వాళ్ళది గచ్చిబౌలి వెనకాల ఊరే. ఇప్పుడు అద్దాల మేడలున్న చోట వాళ్ళ తాత జొన్న వేసేవాడట. వేళ్ళు మంచివి, కానీ పరీక్షంటే వణుకు. పరీక్షకుడి ముందు కూర్చోగానే చేతులు పరుగులు పెట్టేవి. ఒకే గ్రేడు మూడుసార్లు తప్పింది. మూడోసారి మార్కుల కాగితం నా చేతికిచ్చి "ఇగ నాతోని కాదు సార్, పరీక్షలు బంద్" అంది. మానేస్తుందనే అనుకున్నాను. వారం తిరక్కుండా ఏడు పేజీల ప్రింటవుట్ పట్టుకొచ్చింది.

"యానివర్సరీ ప్రోగ్రాంల ఇది వాయిస్త సార్. ఒక్కసారి జనం ముందట మొదటిసంది ఆఖరుదాక వాయించి లేవాలె. గంతే. అది గూడ కాకపోతే ఇంట్ల ఉన్న పియానో అమ్మేస్త."

ఇప్పటి స్వరకర్త ఎవరో ఇంటర్నెట్‌లో పెట్టిన ప్రయోగాత్మక రచన అది. ఏడు పేజీల్లో కలిపి నూటయాభై స్వరాలు కూడా లేవు. తాళం లేదు. కాగితం నిండా తెలుపే. పైన ఒక్కటే నియమం: తీగల మోత తెగకుండా కుడి పెడలును మొదటి నుంచి చివరిదాకా తొక్కే ఉంచాలి, ఒక స్వరం వాయించి, అది తనకు వినబడటం పూర్తిగా ఆగాకే వాయించేవాళ్ళు తర్వాతి స్వరానికి వెళ్ళాలి.

"ఇందులో నేర్చుకోవడానికి ఏముందమ్మా? మీట్ల మీద పిల్లి నడిచినా వస్తుంది" అన్నాను.

ఆమె నవ్వలేదు. "మా పని గిదే సార్. ఏం కాకుంటెనే మంచిది. ఏం కాకున్నా చూస్తనే ఉండాలె. ఇది నాకు వస్తదనిపిస్తుంది."

మా పాఠశాల నడిపే మేడంగారిది విజయవాడ. కాగితాలు చూసి గాభరాపడ్డారు. "ఇరవై నిమిషాలు టుంగు టుంగుమంటుంటే పేరెంట్స్ లేచి వెళ్ళిపోరాండీ మాస్టారూ? తర్వాత నన్నంటారు." కార్యక్రమానికి రెండు వారాల ముందు ఎవరెవరు వాయించాలో జాబితా మీద సంతకం పెట్టేది నేనే గనక, "నాకు బాగుందనిపిస్తేనే పేరు ఉంచుతాను, లేకపోతే కొట్టేస్తాను" అని మాటిచ్చాను. ఆ మాట ఆ అమ్మాయికి కూడా చెప్పాను. సరే సార్ అంది.

పిల్లి నడిచినా వస్తుందన్నానా, మొదటి ఆదివారమే ఆ మాట వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. మెల్లగా వాయించాలని మీట మరీ మెల్లగా నొక్కితే లోపలి సుత్తి తీగదాకా వెళ్ళకుండానే వెనక్కొస్తుంది, శబ్దమే రాదు. కాస్త గట్టిగా నొక్కితే అంత నిశ్శబ్దంలో పళ్ళెం కింద పడ్డట్టుంటుంది. మామూలు పాఠంలో ఒక స్వరం చెడితే పక్క స్వరాలు కప్పేస్తాయి. ఇందులో కప్పడానికి పక్కన ఎవరూ లేరు. వేలును మీట మీద ఆనించి ఉంచి, ఊపిరి వదులుతూ భుజం బరువు దించితే సరైన స్వరం వస్తుందని తెలుసుకోవడానికి మా ఇద్దరికీ నెల పట్టింది. ఇద్దరికీ అనే రాస్తున్నాను, ఎందుకంటే నాకూ అది కొత్తే. ఇంటి దగ్గర తలుపు వేసుకుని నేనూ సాధన చేశాను.

టిఫిన్ సెంటరు మధ్యాహ్నం మూడు నుంచి నాలుగున్నర దాకా మూసి ఉండేది. ఆదివారాలు ఆ వేళకు ఏసీ, ఫ్యాను రెండూ కట్టేసి, కిటికీలు బిగించుకుని కూర్చునేవాళ్ళం. చెమటలు కారేవి. ఆమె ఒక స్వరం వాయించి, కాస్త తల వంచి, తీగల వైపు చూస్తూ ఉండిపోయేది. పరీక్షలో పరుగెత్తిన చేతులు అవేనా అనిపించేది. నాకు లోలోపల ముచ్చటేసింది. ఆ మాట పైకి అనలేదు. పొగిడితే చెడిపోతారన్నది నా తరం మాస్టర్ల సిద్ధాంతం.

నా బాధల్లా అంకెలు లేకపోవడం. పెన్సిలుకు పనిలేని పాఠం అంతకుముందు నేనెరగను. ఒకరోజు ముందుగా వచ్చి, ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని, ఒక్కో స్వరమే వాయిస్తూ అది ఎంతసేపు వినబడుతోందో కొలిచాను. కింది స్వరాలకు ఇరవై సెకన్లు, మధ్యవాటికి పది, పైవాటికి మూడు. అన్ని స్వరాల మీదా పెన్సిలుతో అంకెలు వేశాను. "ఇప్పుడు దీనికో లెక్క వచ్చింది" అని గర్వంగా ఆమె ముందు పెట్టాను. ఆమె ఏడు పేజీలూ నెమ్మదిగా తిప్పి చూసింది. పైస్వరాలున్న పేజీ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగింది.

గొడవ ఆ పేజీలోనే వచ్చింది. కింది స్వరాలు, మధ్య స్వరాలు ఆమె వాయిస్తే నా లెక్కకు సరిగ్గా సరిపోయేది. పైకి వెళ్ళేసరికి నేను మూడు వేసినచోట ఆమె ఏడెనిమిది దాకా కూర్చునేది.

"స్వరం ఆగిపోయింది, ముందుకు పద" అని పెన్సిలుతో మూత మీద కొట్టేవాణ్ణి.

"ఇంకా వస్తుంది సార్."

"ఎక్కడొస్తోంది?"

"సన్నగ. ఇనబడ్తుంది సార్."

నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. కొలిచి మరీ పట్టిన కుందేలు కదా. మూడు ఆదివారాలు ఇదే తంతు. ఆమె మాట పెంచేది కాదు, మార్చుకునేదీ కాదు. మూడో ఆదివారం నాకు సహనం చచ్చిపోయింది. "ఇది నాటకం కాదమ్మా. లేని స్వరాన్ని వింటున్నట్టు మొహం పెట్టుకుని కూర్చుంటే జనం నవ్వుతారు. నటించకు" అన్నాను.

ఆమె పెడలు మీది నుంచి కాలు తీసేసింది. "నటిస్తలేను సార్" అని కాగితాలు సర్దుకుని వెళ్ళిపోయింది. నాటకాలవాళ్ళ ఇంట పుట్టినవాణ్ణి, నటనేదో నాకు తెలియదా అనుకుని ఆ సాయంత్రమే జాబితాలో ఆమె పేరు మీద గీత గీశాను. "వచ్చే ఏడాది చూద్దాం" అని మెసేజ్ పెడితే "ఓకే సార్" అని జవాబు వచ్చింది. రెండ్రోజుల తర్వాత పాఠశాల వాట్సాప్ గ్రూపులో ఆమె పియానో ఫోటో కనబడింది. అమ్మకానికి. మంచి కండిషన్ అని రాసింది. చూసి నాకు గుచ్చుకుంది. కానీ ఫోన్ తీసి ఒక మాట మాట్లాడేంతగా గుచ్చుకోలేదు.

కార్యక్రమం హైటెక్ సిటీలో ఒక కంపెనీ క్యాంపస్ ఆడిటోరియంలో, ఆదివారం. ముందురోజు మధ్యాహ్నం పియానో శ్రుతి చేయించడానికి వెళ్ళాను. మా ట్యూనర్‌ది మూసాపేట. ఒకప్పుడు జీడిమెట్లలో ఫిట్టరు, యంత్రాలు విప్పే చెయ్యి. శ్రుతి చేయడం తర్వాత నేర్చుకున్నాడు. ఇరవై ఏళ్ళుగా మా పియానోలన్నీ అతనివే. పని అయిందన్నాక నేను కూర్చుని కింది నుంచి పైకి వాయించుకుంటూ వెళ్ళాను.

"ఏమయ్యా, పైన తీగలు చచ్చినట్టున్నాయే. కొట్టగానే ఆగిపోతున్నాయి."

"ఏడ సార్? మంచిగనే మోగుతున్నయ్ గద."

"లేదయ్యా, విను." మళ్ళీ కొట్టాను. అతను విన్నాడు. తర్వాత తీగల వైపు కాకుండా నా వైపు చూశాడు.

"సార్, జర ఒక పని చేద్దాం. ఏసీ బంద్ చెయ్యమంట. మీరు కండ్లు మూస్కోండ్రి. నేను కొడ్త. ఆగినంక చెయ్యి లేపుండ్రి."

ఏసీ ఆపగానే హాలంతా ఒక్కసారి నిశ్శబ్దమైంది. నాలుగో వరసలో నేల తుడుస్తున్న హౌస్‌కీపింగ్ ఆమె ఏమైందోనని కర్ర పట్టుకుని నిలబడిపోయింది. ట్యూనర్ ఆమెతో "అక్కా, నువ్వు గూడ లేపు. సప్పుడు ఆగినంక" అన్నాడు. పైస్వరం ఒకటి కొట్టాడు. నేను మూడు లెక్కపెట్టేలోపు చెయ్యెత్తి కళ్ళు తెరిచాను. ట్యూనర్ ఇంకా తల వంచుకునే ఉన్నాడు. ఆమె చెయ్యి కర్ర మీదే ఉంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. అప్పుడు లేచింది ఆమె చెయ్యి.

"అప్పుడే లేపిన్రేంది సార్?" అంది అక్కడి నుంచే. "ఇంక వస్తుండె గద, సన్నగ."

'సన్నగ'. అదే మాట. పియానో అంటే ఏమిటో ఆవిడకు ఆ రోజుదాకా తెలియదని తర్వాత ట్యూనర్ చెప్పాడు. ఇంకో నాలుగు స్వరాలు కొట్టించుకున్నాను. నాలుగుసార్లూ అంతే. దొంగకు తేలు కుట్టినట్టు కిక్కురుమనకుండా కూర్చున్నాను.

"వయసు సార్" అన్నాడు ట్యూనర్, పనిముట్లు సంచిలో వేసుకుంటూ. "పైవే ముందుగాల పోతయి. మాకు పని నేర్పినాయనకు గూడ గట్లనే అయింది. ఫికర్ చెయ్యకుండ్రి, కిందివి శాన ఏండ్లుంటయి."

మీరు ఇప్పుడు నేను పశ్చాత్తాపంతో పరుగెత్తానని అనుకుంటారు. లేదు. మొదట వచ్చిన ఆలోచన, ఇది ఎవరికీ తెలియకూడదని. చెవి పోయిన సంగీతం మాస్టారికి ఎవరు పిల్లల్ని అప్పగిస్తారు? ఆలోచించి ఒక అబద్ధం తయారుచేసుకుని ఆ అమ్మాయికి ఫోన్ చేశాను.

"స్కూల్లో పియానోకి లోపం ఉందమ్మా. పై తీగలు పాడయ్యాయి. నాకు ఇప్పుడే తెలిసింది. ఇక్కడి పియానో బాగుంది. రేపు నువ్వు వాయించు."

అవతల కాసేపు ఏమీ వినబడలేదు. ఈమధ్య అలాంటప్పుడు నాకు భయమేస్తుంది గానీ, ఆ రోజు నిజంగానే ఆమె మాట్లాడలేదు. "సెకన్లు ఏం చెయ్యాలె సార్?" అంది చివరికి.

"రబ్బరు పెట్టి చెరిపెయ్."

మేడంగారు ప్రోగ్రాం కార్డులు అచ్చయిపోయాయన్నారు. ఆఖర్న పెట్టండి, వెళ్ళేవాళ్ళు వెళ్తారు అన్నాను. అలాగే జరిగింది. తమ పిల్లల వంతు అయినవాళ్ళు ట్రాఫిక్ పేరు చెప్పి చాలామంది వెళ్ళిపోయారు. నూరుమంది మిగిలి ఉంటారు. నేనే అడిగి ఏసీ ఆపించాను. ఆమె పక్కన చిన్న స్టూలు మీద కూర్చున్నాను, పేజీలు తిప్పడానికి. కాగితం మీద అంకెలు చెరిపేసి ఉన్నాయి. అయినా నేను పెన్సిలు నొక్కి రాసే మనిషిని, స్టేజీ దీపాల కింద ఆ నొక్కులు కనబడుతూనే ఉన్నాయి.

ఆమె మొదలుపెట్టింది. మొదటి పేజీలో వేళ్ళు కొద్దిగా వణికాయి. కానీ పరుగెత్తడానికి ఆ రచనలో చోటే లేదు. రెండో పేజీకి వణుకు పోయింది. మూడో పేజీలో ఒక పిల్లాడు "అయిపోయిందా మమ్మీ?" అన్నాడు, నలుగురు నవ్వారు. ఆమె తల తిప్పలేదు. నవ్విన వాళ్ళు కూడా తర్వాత సర్దుకుని కూర్చున్నారు. పేజీ తిప్పినప్పుడల్లా కాగితం చప్పుడు కాకుండా తిప్పడం నాకు పెద్ద పనయింది.

ఆఖరి పేజీలో ఆఖరి స్వరం బాగా పైన ఉంటుంది. ఆమె వాయించింది. నాకు మీట కిందికి దిగిన చప్పుడు, దాని వెనకాల చిన్న మెరుపులాంటి స్వరం, అంతే వినబడ్డాయి. తర్వాత ఏమీ లేదు. నా సంగతి తెలిసినవాణ్ణే గనక మూడు సెకన్లకు ఇంకో మూడు కలుపుకున్నాను. ఇంకో రెండు కూడా వేసుకున్నాను. చాలనిపించింది. కాగితాలు మూయడానికి చెయ్యి చాపాను.

ఆమె ఎడమ చెయ్యి వచ్చి నా మణికట్టు మీద ఆగింది. బరువు లేదు. నా వైపు చూడనైనా లేదు, చూపు తీగల మీదే ఉంది.

నేను హాల్లోకి చూశాను. నూరు తలలు కొంచెం కొంచెం ముందుకు వంగి ఉన్నాయి. ఇందాక అయిపోయిందా అన్న పిల్లాడు నోరు తెరుచుకుని వింటున్నాడు. మేడంగారు వింటున్నారు. తలుపు దగ్గర సెక్యూరిటీ అతను వింటున్నాడు. అక్కడ ఏదో ఉంది, అందరికీ అందుతోంది. ఇరవై రెండేళ్ళు వాళ్ళ పిల్లలకు వినడం నేర్పిన నాకు మాత్రం అందడం లేదు. నాకు ఏడుపొచ్చింది. స్టేజీ మీద ముక్కు ఎగబీలిస్తే ఆ సన్నటి స్వరం పాడవుతుందని అది కూడా ఆపుకున్నాను.

తర్వాత ఆమె నా చెయ్యి వదిలి, పెడలు మీది కాలు తీసింది. చప్పట్లు నాకు బాగానే వినబడ్డాయి.

స్టేజీ వెనక ఆమె మంచినీళ్ళు తాగుతుంటే వెళ్ళి చెప్పేశాను. "స్కూలు పియానోకి లోపమేం లేదమ్మా. లోపం నా చెవుల్లోనే."

"నాకెర్కే సార్."

"ఎప్పట్నుంచి?"

"మీరు సెకన్లు రాసిన దినం సంది. పైన మూడు అని రాసిన్రు గద. గప్పుడే సమజైంది."

"మరి చెప్పలేదేం? పియానో అమ్మకానికి పెట్టావు గానీ నోరు విప్పలేదే?"

ఆమె గ్లాసు కింద పెట్టింది. "మా బాపుకు గూడ ఇట్లనే అయింది సార్. ఇనబడ్తలేదా అని అడిగితే నెల దినాలు నాతోని మాట్లాడలే. గదొకటి. ఇంగోటేందంటే, మూడుసార్లు ఫెయిలైనదాన్ని. మాస్టరుకు ఇనబడ్తలేదని నేను చెప్తే మీరు నమ్ముతుంటిరా?"

నమ్మేవాణ్ణి కాను. అదే చెప్పాను. ఆమె చిన్నగా నవ్వింది. ఆ రాత్రి గ్రూపులోంచి పియానో ఫోటో తీసేసింది.

ఆసుపత్రిలో చెవుల పరీక్ష చేయించుకున్నాను. వాళ్ళిచ్చిన కాగితంలో గీత కుడివైపుకు, అంటే పైస్వరాల వైపుకు, వెళ్ళేకొద్దీ జారుడుబల్లలా దిగిపోయి ఉంది. మేడంగారికి చూపించి, ఆ టర్ము పూర్తిచేసి మానేశాను. ఆవిడ ఉండమన్నారు. గ్రేడు పరీక్షలకు అంత సన్నటి చెవి అక్కర్లేదండీ అన్నారు కూడా. ఆ మాట నిజమే, అందుకే మరీ చేదుగా ఉంది. కొత్తగా నేర్పడం మొదలుపెట్టిన మీకు నేను చెప్పేది పెద్దదేం కాదు. శిష్యులు "ఇంకా వినబడుతోంది" అంటే ఒక్కసారి పెన్సిలు కింద పెట్టి, వాళ్ళు నిజం చెబుతున్నారేమో చూడండి. వందకు తొంభైసార్లు చెప్పకపోవచ్చు. ఆ మిగతా పదిసార్ల కోసమైనా చూడండి.

ఇప్పుడు మియాపూర్‌లో మా ఫ్లాట్‌లో ఒక పాత పియానో ఉంది. ఆదివారం మధ్యాహ్నాలు ఆ ఏడు పేజీలూ వాయించుకుంటాను. అంకెలు లేకుండా, నియమం ప్రకారం, నాకు వినబడటం ఆగాకే తర్వాతి స్వరానికి వెళ్తాను. రిటైరయిన ఏడాది ఇరవై నిమిషాలు పట్టేది. నిరుడు పదిహేడు. ఈ ఏడు పదిహేను దాటడం లేదు. స్వరకర్త పెట్టిన నియమం ఎక్కడా తప్పడం లేదు గనక ఎవరూ నన్ను తప్పుపట్టలేరు. ఇలాగే బతికి ఉంటే ఎప్పుడో ఒకనాటికి కాఫీ చల్లారేలోపు వాయించేస్తాను.

షిఫ్టు లేని ఆదివారం ఆమె వస్తుంది. వెనక కుర్చీలో కూర్చుంటుంది. ఆఖరి స్వరం వాయించి, నా లెక్కకు అది ఆగిపోయాక, వెనక్కి తిరిగి చూస్తాను. ఆమె తల వంచుకుని ఉంటుంది. ఆమె తల ఎత్తేదాకా నేను పెడలు మీది నుంచి కాలు తీయను.